తెలుగు కోసం 1 నొక్కమనాలా, వద్దా? కోల్డ్ స్టోరేజీ వాయిస్ అసిస్టెంట్ గురించి సలహా కావాలి

పటమట_డిజైనర్
గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు నడిపే ఒక పార్టీకి వాయిస్ అసిస్టెంట్ చేస్తున్నాం. మిర్చి దాచుకున్న రైతు ఫోన్ చేసి తన సరుకు ఎంత ఉంది, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) మీద బాకీ ఎంత, రేపు డెలివరీకి గేట్ పాస్ దొరుకుతుందా అని అడుగుతాడు. ఇప్పటిదాకా ఆ ఫోన్లన్నీ ఆఫీసు గుమస్తా ఒక్కడే ఎత్తుతున్నాడు. సీజన్లో పాపం ఆయనకి అన్నం తినే టైము కూడా ఉండదు.

మాలో మాకు గొడవ ఎక్కడంటే, కాల్ కలవగానే "తెలుగు కోసం 1, ఇంగ్లీష్ కోసం 2" అని అడగాలా వద్దా అని. క్లయింట్ కావాలంటున్నాడు. మా ఇంజినీర్లూ కావాలంటున్నారు, వాళ్ళకి పని తేలిక. నేనొక్కదాన్నే వద్దంటున్నా. రైతులు ఒప్పుకుని ఇచ్చిన రికార్డింగులు విన్నాక నాకు ఆ ప్రశ్నే అర్థం లేనిదిగా కనిపిస్తోంది. ఒకాయన మాట ఇది:

"మాది తేజ నూట ఇరవై టిక్కీలు ఉన్నాయి గదా, అందులో ఫిఫ్టీ ఎల్లుండి మార్నింగ్ డెలివరీ తీసుకుంటాం, గేట్ పాస్ రెడీ చేసి పెట్టండి, బ్యాలెన్స్ అట్టాగే ఉంచండి."

(తేజ అంటే ఒక మిర్చి రకం, టిక్కీ అంటే మిర్చి బస్తా.) ఈయన 1 నొక్కాలా, 2 నొక్కాలా? 1 నొక్కితే మా సిస్టమ్ "ఫిఫ్టీ" దగ్గర తడబడుతోంది. 2 నొక్కితే "ఫిఫ్టీ" తప్ప ఏదీ ఎక్కట్లేదు. ఇలాంటివి చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. చేయకపోయినా, ఇలాంటి ఫోన్లతో విసిగిపోయినవాళ్ళు ఉంటే ఇంకా మంచిది.

అరండల్‌పేట_అల్లుడు
మా మామగారు 1 నొక్కరు, 2 నొక్కరు. 9 నొక్కి మనిషి వచ్చేదాకా 9 మీదే ఉంటారు.

ఆటోనగర్_అన్న
ఇంగ్లీష్ కోసం 2 ఎందుకసలు? మిర్చి రైతు ఇంగ్లీష్‌లో ఎవడు అడుగుతాడు? ఆ ఆప్షన్ తీసేస్తే గొడవే లేదు గదా.

పటమట_డిజైనర్
ఆటోనగర్ అన్నా, తీసేసినా "ఫిఫ్టీ", "మార్నింగ్", "బ్యాలెన్స్" మిగిలే ఉంటాయి. అదీ సమస్య. పైగా పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి నాన్న సరుకు గురించి ఫోన్ చేస్తారు. వాళ్ళలో కొందరు నిజంగానే ఇంగ్లీష్‌లో అడుగుతారు.

కోడ్‌కృష్ణ
నేను స్పీచ్ మోడల్స్ మీదే పని చేస్తా కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా. ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

మీ ఇంజినీర్లు ముందే భాష అడగాలనడానికి కారణం ఉంది. ఈ సిస్టమ్స్ చాలావరకు "ఇది ఏ భాష" అని ఏదో ఒకటే తేల్చుకునేలా కట్టారు. 2018 ఆగస్టులో గూగుల్ తన అసిస్టెంట్‌లో ఒకేసారి రెండు భాషలు పెట్టుకునే వీలు ఇచ్చింది. అప్పట్లో ఇంగ్లీష్, జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్, జపనీస్‌లలో ఏ రెండైనా. లోపల ఏం జరుగుతుందంటే, మనం మాట్లాడుతుండగానే రెండు భాషల రికగ్నైజర్లూ (మాటని రాతగా మార్చేవి) పక్కపక్కనే నడుస్తుంటాయి. ఏ భాషో కనిపెట్టే మోడల్ ఇంకోటి వింటూ ఉంటుంది. చివరికి ఒకదాని రాత ఉంచుకుని రెండోది పారేస్తారు. తల్లి స్పానిష్‌లో, కొడుకు ఇంగ్లీష్‌లో అడిగే ఇంటికి అది చక్కగా సరిపోతుంది. ఒకే వాక్యంలో రెండూ కలిపే మనిషికి మాత్రం ఏది ఉంచుకున్నా సగం పోతుంది.

2022లో ఓపెన్ఏఐ వదిలిన విస్పర్ అనే స్పీచ్ మోడల్ 6,80,000 గంటల ఆడియో మీద నేర్చుకుంది. అది కూడా 30 సెకన్ల ముక్కకి ఒక భాష గుర్తు తగిలించుకునే మొదలవుతుంది.

ఇప్పుడు మీ రైతు వాక్యం చూడండి. "తీసుకుంటాం", "చేసి పెట్టండి", "ఉంచండి". పని చెప్పే మాటలన్నీ తెలుగే. మాటల వరసా తెలుగే. కేరల్ మయర్స్-స్కాటన్ అనే భాషాశాస్త్రవేత్త 1993లో చెప్పిందీ ఇదే: కలిపి మాట్లాడేటప్పుడు ఒక భాష చట్రం ఇస్తుంది, రెండోది అందులో పట్టే మాటలు ఇస్తుంది. మనవాళ్ళ చట్రం దాదాపు ఎప్పుడూ తెలుగే. కాబట్టి రెండు మోడళ్ళ మధ్య దూకడం కాదు మీకు కావాల్సింది. ఇంగ్లీష్ మాటలు దండిగా ఉన్న తెలుగుని విని పెరిగిన ఒకే మోడల్ కావాలి.

ఇంకో తంటా. మనం ఇంగ్లీష్ మాటని ఉన్నదున్నట్టు వదలం. "గేట్‌పాసుకి", "స్టోరేజీలోంచి", "బాండ్లన్నీ", "డెలివరీయా?" అంటాం. మాటల పట్టిక ముందే రాసిపెట్టుకుంటే ఎప్పటికీ పూర్తి కాదు. అందుకే మాటల్ని చిన్న ముక్కలుగా నేర్పుతారు: "స్టోరేజీ" ఒక ముక్క, "లోంచి" ఒక ముక్క. మీ ఇంజినీర్లని ఇది ఎలా చేస్తున్నారో అడగండి. "ఇంగ్లీష్ మాటలకి వేరే పట్టిక ఉంది" అంటే మాత్రం కొంచెం కంగారు పడండి.

బ్రాడీపేట_నాలుగోలైను
మెచ్చుకోకుండా ఉండలేను. ఇక్కడ ఒక పోస్టు మొత్తం చదవడం చాలా కాలం తర్వాత ఇదే.

అరండల్‌పేట_అల్లుడు
నేను దాటేశా. సారాంశం ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట_నాలుగోలైను
1 వద్దు, 2 వద్దు.

తెనాలి_టీచరమ్మ
కృష్ణ గారు అంతా బాగానే చెప్పారు గానీ, నాకు ఒక అభ్యంతరం. జనం కలిపి మాట్లాడుతున్నారు కాబట్టి యంత్రానికీ అదే నేర్పుతాం అంటున్నారు. రేపు ఆ యంత్రం "మీ బ్యాలెన్స్ ఎమౌంట్ పెండింగ్‌లో ఉంది" అంటుంది. ఆ రైతు ఇంట్లో మనవడు అదే తెలుగు అనుకుంటాడు. ఇప్పటికే బడిలో పిల్లలకి "యాభై" అంటే "ఫిఫ్టీనా టీచర్?" అని అడుగుతున్నారు. వినేటప్పుడు ఎలా మాట్లాడినా వినండి. బదులు చెప్పేటప్పుడు మాత్రం మంచి తెలుగు చెప్పండి.

ఆటోనగర్_అన్న
మంచి తెలుగు అంటే "ఆకాశం పాక్షికంగా మేఘావృతమై యున్నది" రకమా టీచరమ్మా? మా షాపులో ఒక స్పీకర్ పెట్టాం, దాని తెలుగు అదే. మా కుర్రాడు భయపడి బయటికెళ్ళి ఆకాశం చూసొచ్చాడు.

తెనాలి_టీచరమ్మ
అది మంచి తెలుగు కాదు, ఇంగ్లీష్ వాక్యాన్ని నిఘంటువు చూసి దింపింది. "కొంచెం మబ్బు పట్టింది" అనడానికి ఏం రోగం? నేనడిగేది పుస్తకాల తెలుగు కాదు. "ఇంకా ఇవ్వాల్సింది ఇంత" అనమంటున్నా.

మిర్చియార్డు_గుమాస్తా
పటమట మేడమ్, మీరు 1, 2 దగ్గరే ఆగిపోయారు. అసలు ప్రమాదం అంకెల్లో ఉంది. నేను కమీషన్ కొట్లో లెక్కలు రాస్తా, నా మాట వినండి.

యార్డులో ఎవడూ "క్వింటాలు పదిహేను వేల అయిదు వందలు" అనడు. "పదిహేనున్నర పలికింది" అంటాడు. మీ యంత్రం దాన్ని పదిహేను రూపాయల యాభై పైసలు అని రాసుకుంటే? రకాల పేర్లే అంకెలు: 334, 341, నంబర్ 5. "త్రీ ఫార్టీ వన్ ఫార్టీ ఉన్నయ్" అంటే 341 రకం నలభై టిక్కీలు. ఒకాయన ఇంగ్లీష్‌లో అంటాడు, ఇంకొకాయన "మూడొందల నలభై ఒకటి" అంటాడు, ఆయన కొడుకు "త్రీ ఫోర్ వన్" అంటాడు. మూడూ ఒకటే సరుకు.

ఇంకోటి. తాలు. రంగు పోయిన కాయని తాలు అంటాం. ఎర్ర కాయ రేటుకీ తాలు రేటుకీ చాలా తేడా. మొన్నెవరో ఫోన్లో మాటని రాతగా మార్చే యాప్‌లో "తేజ తాలు పది టిక్కీలు" అంటే "తేజ చాలు పది టిక్కీలు" అని పడింది. గట్టిగా నవ్వుకున్నాం గానీ, అదే డెలివరీ ఆర్డర్ అయితే నవ్వొచ్చేది కాదు.

పటమట_డిజైనర్
గుమాస్తా గారూ, ఇది బంగారం. తాలు మా రికార్డింగుల్లో ఉంది, నాకే అర్థం కాలేదు, "చాలు" అన్నారేమో అనుకుని వదిలేశా. మా మాటల జాబితాలో రకాల పేర్లు ఉన్నాయి గానీ ఇది లేదు.

కోడ్‌కృష్ణ
గుమాస్తా గారు చెప్పిన రెండూ వేరువేరు జబ్బులు. తాలు/చాలు వినికిడి జబ్బు. దానికి ఈ పనిలో వచ్చే మాటలకి ఎక్కువ బరువు ఇవ్వాలి. రకం పేరు తర్వాత వెంటనే వచ్చే చోట "తాలు"కే మొగ్గమని మోడల్‌కి చెప్పొచ్చు. "పదిహేనున్నర" అర్థం చేసుకునే జబ్బు. మాట సరిగ్గానే పడింది, కానీ వెయ్యి అన్నది మనుషుల మధ్య ఉండిపోయింది. అక్కడ రూలు రాసుకోవాలి: రేటు గురించి మాట్లాడుతుంటే వేలు అనుకో, టిక్కీల గురించి అయితే అనుకోకు.

బ్రాడీపేట_నాలుగోలైను
నా పేరు చూసి మీకు అర్థమయ్యే ఉంటుంది. బ్రాడీపేటలో అడ్రస్ అంటే "ఫోర్ బై ఫోర్టీన్". నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. కొందరు "నాలుగు బై పద్నాలుగు" అంటారు, మా అమ్మ "నాలుగో లైనులో పద్నాలుగు" అంటుంది. ఫోన్లో మ్యాప్‌కి చెబితే ఒకసారి తారీఖు అనుకుంటుంది, ఒకసారి భిన్నం అనుకుంటుంది. అరండల్‌పేట వాళ్ళదీ ఇదే గోల.

అరండల్‌పేట_అల్లుడు
అవును. ఒకసారి ఫుడ్ ఆర్డర్ ఫిబ్రవరిలో డెలివరీ చేస్తుందేమో అనుకున్నా.

నైట్‌డ్యూటీ_నర్స్
ఎవరూ చెప్పని సంగతి ఒకటి. మా దగ్గర అపాయింట్‌మెంట్లకి ఇలాంటి మెషీన్ పెట్టారు. పెద్దవాళ్ళు మాట మధ్యలో ఆగుతారు. "నాకూ... అదే... మొన్న డాక్టరు గారు చెప్పారు కదా... ఆ టెస్టు..." ఇలా. ఆగగానే మెషీన్ మాట అయిపోయిందనుకుని "క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది. వాళ్ళు బెదిరిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు, మళ్ళీ అక్కడే ఆగుతారు. తెలుగులో అసలు పని చెప్పే మాట చివర్లో వస్తుంది. టెస్టు కావాలా, క్యాన్సిల్ చేయాలా అనేది ఆఖరి మాటలో ఉంటుంది. అది రాకముందే కట్ చేస్తే ఇంక మిగిలేదేముంది?

ఇంగ్లీష్ మాట కోసం వెతుక్కునేటప్పుడు కూడా ఆగుతారు. "ఆ... ఏందది... స్కానింగు" అని. మీ రైతులూ అంతే.

కోడ్‌కృష్ణ
నర్స్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఎంతసేపు మౌనం ఉంటే మాట అయిపోయినట్టు లెక్క అనేది ఒక సెట్టింగ్. కంపెనీలు తొందరగా బదులివ్వాలని దాన్ని బాగా తక్కువ పెట్టుకుంటాయి. మౌనం ఒక్కటే కాకుండా, వాక్యంలో క్రియ వచ్చిందా లేదా అని కూడా చూసేలా పెట్టండి. "ఫిఫ్టీ టిక్కీలు" దగ్గర ఆగితే ఇంకా వినాలి. "తీసుకుంటాం" దగ్గర ఆగితే బదులు చెప్పొచ్చు.

వించిపేట_భాయ్
అందరూ రెండు భాషలంటే తెలుగు, ఇంగ్లీష్ అని తీర్మానించేశారు. మాది విజయవాడ వన్‌టౌన్. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీష్. మా అబ్బా హోల్‌సేల్ బట్టల కొట్టులో "డేఢ్ సౌ పీసులు పార్సెల్ చేయించు, బిల్లు రేపు పంపు" అంటారు. డేఢ్ సౌ అంటే నూట యాభై. కృష్ణ భాయ్ చెప్పిన చట్రం తెలుగే, కానీ అంకె ఉర్దూ. చిన్నప్పుడు ఏ భాషలో ఎక్కాలు నేర్చుకున్నామో లెక్క ఆ భాషలోనే వస్తుంది. 1, 2 పెడితే మాకోసం 3 పెట్టాలి, తర్వాత 4 పెట్టాలి.

మిర్చియార్డు_గుమాస్తా
భాయ్ చెప్పింది యార్డులోనూ ఉంది. బయటి రాష్ట్రాల వ్యాపారులతో బేరం హిందీలోనే. అది విని విని మావాళ్ళు కూడా రేట్లు హిందీలో అనేస్తారు.

ఆటోనగర్_అన్న
అలెక్సాలో హిందీ, ఇంగ్లీష్ కలిపి వినే మోడ్ ఉంది గదా, 2019లోనే వచ్చింది. అంటే చేయొచ్చన్నమాటేగా. తెలుగుకి ఎందుకు చేయరు?

కోడ్‌కృష్ణ
చేయొచ్చు. డేటా కావాలి, పట్టుదల కావాలి. 2021లో ఇంటర్‌స్పీచ్ సదస్సులో భారతీయ భాషల స్పీచ్ మీద ఒక పోటీ పెట్టారు. విడి భాషల విభాగంలో తెలుగు ఉంది. కలిపి మాట్లాడే విభాగంలో హిందీ-ఇంగ్లీష్, బెంగాలీ-ఇంగ్లీష్ రెండే. 2023 సెప్టెంబరులో యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ మాటతో డబ్బు పంపే హలో యూపీఐ ప్రకటించినప్పుడు కూడా మొదట హిందీ, ఇంగ్లీష్‌లే. మనం ఎప్పుడూ రెండో బస్సులో ఎక్కుతాం. ఇప్పుడు కొంచెం నయం. కేంద్రం 2022లో మన భాషల టెక్నాలజీ కోసం భాషిణి మొదలుపెట్టింది, ఐఐటీ మద్రాస్‌లో ఏఐ4భారత్ వాళ్ళు 22 భాషల్లో మామూలు మాటలు సేకరించి అందరికీ ఇస్తున్నారు, అందులో తెలుగు ఉంది. పటమట గారు అక్కడి మోడల్ తీసుకుని, దాని మీద మిర్చి మాటలు నేర్పించుకోవచ్చు. మొదటి నుంచి కట్టక్కర్లేదు.

ఒక హెచ్చరిక. మోడల్ ఎంత బాగుందో కొలవడానికి తప్పు పడిన మాటలు లెక్కపెడతారు. "డెలివరీ" అని తెలుగు లిపిలో పడితే ఒప్పు, ఇంగ్లీష్ లిపిలో పడితే తప్పు అని లెక్కేస్తే అంకె ఘోరంగా వస్తుంది, పని మాత్రం బాగానే జరుగుతుంటుంది. దీనికి ఎదురు కూడా జరుగుతుంది: వంద మాటల్లో తొంభై ఎనిమిది సరిగ్గా పడి, పోయిన రెండూ "తాలు", "ఫిఫ్టీ" అయితే ఆ స్కోరు నాలుక గీసుకోవడానికి కూడా పనికిరాదు. రకం, టిక్కీలు, తారీఖు సరిగ్గా వచ్చాయా లేదా, అంతే చూడండి.

పటమట_డిజైనర్
టీచరమ్మ గారు లేవనెత్తిన దగ్గరికి మళ్ళీ వస్తా. బదులు ఏ తెలుగులో చెప్పాలి? కొందరు అడిగినవాళ్ళ మాటనే తిరిగి చెప్పమంటారు. రైతు "ఫిఫ్టీ" అంటే మేమూ "ఫిఫ్టీ", "యాభై" అంటే "యాభై".

కోడ్‌కృష్ణ
దీని మీద మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా వాళ్ళు పని చేశారు. కలికా బాలి, మొనోజిత్ చౌధురి బృందం, 2020లో. 91 మందిని రాతలో మాట్లాడే చాట్‌బాట్లతో మాట్లాడించారు. ఒకటి ఎప్పుడూ కలపదు, ఒకటి ఎప్పుడూ కలుపుతుంది, మూడోది కొంచెం కలిపి చూసి అవతలివాళ్ళు కలిపితేనే తనూ కలుపుతుంది. రెండు భాషలవాళ్ళు కలిపే బాట్‌నే బాగా ఇష్టపడ్డారు. కానీ ఎవరికి ఏది నచ్చిందన్నది వాళ్ళకి ఏ భాష ఎంత వచ్చన్న దాని మీద ఎక్కువగా ఆధారపడింది. మూడో రకం ఎవరినీ నొప్పించలేదు. మీకు ఆ మూడోదే మేలు.

తెనాలి_టీచరమ్మ
91 మంది చాట్‌బాట్‌తో సరదాగా మాట్లాడటం వేరు, ఒక రైతు తన పంట గురించి అడగడం వేరు. అద్దంలా తిరిగి చెప్పేది నాకు వెక్కిరింపులా అనిపిస్తుంది. కొట్లో పెద్దాయన మనం ఎలా అడిగినా తన తీరులోనే చెబుతాడు, మనకి అర్థమవుతుంది. యంత్రానికి కూడా ఒక తీరు ఉండాలి. గుమస్తా మాట్లాడే తెలుగు తీసుకోండి, చాలు.

మిర్చియార్డు_గుమాస్తా
ఆ "చాలు"ని మా యాప్ "తాలు" అని రాస్తుంది, జాగ్రత్త.

కానీ టీచరమ్మ మాటే నా మాట. ఒక్క మార్పు: అంకె మాత్రం రైతు చెప్పిన మాటలో ఒకసారి, విడమరిచి ఇంకోసారి చెప్పాలి. "ఫిఫ్టీ, యాభై టిక్కీలు, తేజ, ఎర్ర కాయ, తాలు కాదు, గురువారం పొద్దున. అవునా?" మేం కాటా దగ్గర అలాగే చెప్పుకుంటాం. ఒకడు అంటాడు, ఇంకొకడు తిరిగి అంటాడు, అప్పుడే రాస్తాం. "ఎల్లుండి" అంటే వారం పేరు కూడా చెప్పించండి. రాత్రి పన్నెండు దాటాక ఫోన్ చేసేవాడి ఎల్లుండి వేరు.

నైట్‌డ్యూటీ_నర్స్
నిజమే, నైట్ డ్యూటీలో "రేపు" అంటే ఏ రోజో మాకే తెలీదు.

వించిపేట_భాయ్
ఇంకో చిన్న సంగతి. మనం మెషీన్‌ని "చెయ్యి", "చెప్పు" అంటాం. అది మాత్రం మనల్ని "మీరు" అనాలి. ఒక యాప్ మా అబ్బాని "నీ బిల్లు కట్టు" అంది. ఆ రోజే తీసేయించారు.

ఆటోనగర్_అన్న
మరి రైతు రికార్డింగులు వింటున్నారు గదా మేడమ్. బాకీల సంగతులన్నీ ఉంటాయి. ఒప్పుకున్నారన్నారు. దేనికి ఒప్పుకున్నారో వాళ్ళకి తెలుసా?

పటమట_డిజైనర్
కాగితం మీద సంతకం ఉంది. చదివి వినిపించి చేయించారా అంటే, అది క్లయింట్ మనుషులు చేశారు. నేను మళ్ళీ అడుగుతా. బాకీ అంకెలూ పేర్లూ ఉన్న ముక్కలు ట్రైనింగ్‌లోంచి తీసేయమని ఇప్పటికే చెప్పా.

ఆటోనగర్_అన్న
తీసేశారా, చెప్పారా?

పటమట_డిజైనర్
చెప్పా. తీసేశారో లేదో సోమవారం చూస్తా.

1, 2 మాత్రం తీసేయడానికి క్లయింట్ సగం ఒప్పుకున్నాడు. మొదట "చెప్పండి" అని మాత్రమే అంటాం. మొత్తం ఇంగ్లీష్‌లో వస్తే ఇంగ్లీష్‌లో చెబుతాం. మిగతా ఎలా వచ్చినా గుమస్తా తెలుగు. 9 నొక్కితే మనిషి. అరండల్‌పేట మామగారి కోసం అది ఉంచుతున్నాం.

అరండల్‌పేట_అల్లుడు
ఆయనకి చెప్పా. 0 అయితే ఇంకా దగ్గరగా ఉంటుంది కదా అంటున్నారు.

తెనాలి_టీచరమ్మ
ఆ "మనిషి" సీజన్లో ఎత్తుతాడా?

మిర్చియార్డు_గుమాస్తా
ఎత్తడు. అందుకే గదా ఇదంతా.

పటమట మేడమ్, టెస్టింగ్‌కి మా యార్డుకి రండి. ఎండాకాలం సెలవుల్లో వస్తే తీరిగ్గా కూర్చుని మాట్లాడొచ్చు.

కోడ్‌కృష్ణ
సెలవుల్లో వద్దు. ఖాళీ యార్డులో ఏ మోడలైనా పాసవుతుంది. లారీలు, కాటా దగ్గర అరుపులు, మిర్చి ఘాటుకి దగ్గులు, అవన్నీ ఉన్నప్పుడే పెట్టండి. దగ్గుని మాటగా రాసుకోకుండా ఉంటే చాలా దూరం వచ్చినట్టు.

మిర్చియార్డు_గుమాస్తా
అయితే మార్చిలో రండి. మాస్కు తెచ్చుకోండి. నేను మాట్లాడటానికి మాత్రం దొరకను.